తోసిన చెయ్యి

పోయిన వారం గంగామణిని మనం గోల్ గీత మీద పడి ఉండగా వదిలేసి వచ్చాం. నిజామాబాద్ మైదానంలో అమ్మాయిల హాకీ, మంజీర కప్పు ఫైనల్. ఇందూరు జట్టు ఒక్క గోలు ముందుంది. ఇక కాసేపట్లో ఆట అయిపోతుందనగా బోధన్ జట్టు బంతిని గోలు ముందుండే డీలోకి తెచ్చింది. ఇందూరు గోల్‌కీపర్ గంగామణి బంతికి అడ్డంగా నేల మీదికి ఒరిగింది. అదే క్షణాన బోధన్ ఫార్వర్డ్ నాగకుమారి వచ్చి ఆమె మీద పడింది. బంతి దొర్లుకుంటూ గోల్లోకి పోయింది.

అంపైర్ విజిల్ ఊదాడు. గోలు చెల్లదన్నాడు. కీపర్‌ను గుద్దినందుకు నాగకుమారికి ఎర్రకార్డు చూపించి బయటికి పంపాడు. ఇందూరు గెలిచింది. జట్టంతా కప్పు పట్టుకుని ఫొటో దిగే వేళకు గంగామణి దవాఖానాలో ఉంది. కుడి ముంజేతి ఎముక విరిగింది.

ఇక ఇంటికి వచ్చాక సంగతి.

చేతికి సిమెంటు కట్టు పడ్డాకగాని గంగామణికి తెలిసిరాలేదు, కుడిచెయ్యి లేకపోతే ఎన్ని పనులు ఆగిపోతాయో. జడ వేసుకోలేదు. అన్నం కలుపుకోలేదు. అన్నిటికన్నా, బీడీలు చెయ్యలేదు. బడి నుంచి రాగానే తల్లి లింగవ్వ పక్కన కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకులో తంబాకు నింపి చుట్టడం చిన్నప్పటి నుంచీ ఆమెకు అలవాటు. ఇంటరు చదువుతున్నా, జట్టులో ఆడుతున్నా ఆ అలవాటు తప్పలేదు. బీడీ కార్ఖానాలో ఆమె పేరున కార్డు ఉంది. బీడీలు అప్పజెప్పకపోతే ఆ కార్డు ఇంకొకరికి పోతుంది.

కార్డు పోకుండా కాపాడుతున్నది భూలక్ష్మి.

భూలక్ష్మిది అదే గల్లీ. అదే జట్టు. ఆటలో ఆమె ఫుల్‌బ్యాక్, అంటే గోల్‌కీపర్‌కు ముందు నిలబడే కాపలా మనిషి. గంగామణి దవాఖానా నుంచి వచ్చిన మర్నాటి నుంచి పొద్దున్నే వస్తోంది. "పెద్దవ్వా, చాట ఇటియ్యి" అంటూ లింగవ్వ పక్కన కూర్చుంటోంది. తన ఇంట్లో బీడీలు తను చేసుకుని, మళ్లీ ఇక్కడ గంగామణి వంతు బీడీలు చేస్తోంది. మధ్యాహ్నం లేచి గంగామణికి తల దువ్వుతోంది.

"తోడవుట్టినదైనా గింత జెయ్యది" అని లింగవ్వ గల్లీలో అందరికీ చెప్పుకుంది.

గంగామణి మాత్రం ఏమీ అనేది కాదు. భూలక్ష్మి తల దువ్వుతుంటే గోడకేసి చూస్తూ కూర్చునేది.

కోచ్ లక్ష్మీరాజం సారు కూడా వచ్చి చూసిపోయాడు. బీడీలు చుట్టే ఇళ్లకు తిరిగి తిరిగి, తల్లులను బతిమాలి, ఆడపిల్లలను మైదానానికి తెచ్చిన మనిషి ఆయన. ఆ రోజు గంగామణి మంచం పట్టె మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"ఆదివారం కప్పు సంఘం కూసుంటది బిడ్డా. గా నాగకుమారిని ఏడాది ఆటలకెల్లి తీసేద్దామని చూస్తున్నరు. నిన్ను గూడ పిలుస్తరు. నీ మీద ఎవలు పడ్డరని అడిగితే నాగకుమారి అని చెప్పు. అంతకు మించి ఏమొద్దు. అబద్ధం గాదు గద?"

అబద్ధం కాదు. అందుకే గంగామణికి నిద్ర పట్టడం లేదు.

శుక్రవారం మధ్యాహ్నం. వాకిట్లో ఎండ పల్చగా ఉంది. లింగవ్వా భూలక్ష్మీ అరుగు మీద కూర్చుని బీడీలు చేస్తున్నారు. గంగామణి గుమ్మానికి ఆనుకుని, ఎడమచేత్తో తడిపిన ఆకులు ఒక్కొక్కటే విడదీసి ఇస్తోంది. గల్లీలో ఒక మోటారు సైకిల్ ఆగింది.

"లింగవ్వ గారి ఇల్లు ఇదేనాండీ?"

తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు. ఎండకు కమిలిన మొహం. ఆయన వెనక సంచి పట్టుకుని నిలబడ్డ పిల్లను చూడగానే ఆయన ఎవరో చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది. ఆ పిల్ల నాగకుమారి. ఆయన ఆమె తండ్రి జగ్గారావు. బోధన్ దగ్గర, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపులో కాలవ కింద చెరుకు పండించే మనిషి.

భూలక్ష్మి చేతిలో కత్తెర ఆగింది. మళ్లీ కదిలింది.

లింగవ్వ లేచి నిలబడింది. "ఏం జూడనీకొచ్చిండ్రు? నా బిడ్డ చెయ్యి ఇరిగిందో లేదో సూసిపోదామనా?"

"కాదమ్మా." జగ్గారావు చెప్పులు వాకిట్లోనే విడిచాడు. "చెరుకు కోత మధ్యలో వదిలేసి వచ్చాను. ఆ రోజు నుంచీ మా అమ్మాయి సరిగ్గా అన్నం తినట్లేదు. మీ అమ్మాయితో ఒక్కమాట మాట్లాడాలంటోంది. తిట్టాలనుంటే తిట్టండి, పడతాం. మాట్లాడనివ్వండి చాలు."

లింగవ్వ ఇంకా ఏదో అనబోయింది. కాని నాగకుమారి మొహం చూసి ఆగిపోయింది. కళ్ల కింద నల్లగా ఉంది. ఆటలో జింకలా పరుగెత్తిన పిల్ల, సంచిలో బత్తాయిలు మోయలేనట్టు నిలబడి ఉంది.

"ఎండల నిలవడుడేంది? అరుగు మీదికి రాండ్రి" అంది లింగవ్వ చివరికి. చాప వేసింది. మంచినీళ్లు తెచ్చిపెట్టింది. కోపం ఉండాల్సిన చోట ఉంది, మర్యాద మర్యాదే.

నాగకుమారి చాప మీద కూర్చోలేదు. గంగామణికి ఎదురుగా, నేల మీద కూర్చుంది. కట్టు కట్టిన చేతిని చూసి వెంటనే చూపు తిప్పుకుంది.

"నొప్పిగా ఉందా?"

"రాత్రిపూట గుంజుతది. పగలు ఏం లేదు."

"నీ చెయ్యి నా కిందే విరిగింది. ఆ చప్పుడు నాకు వినబడింది. దానికి నువ్వేం అన్నా పడతాను. జవాబు చెప్పను." సంచి కింద పెట్టి మళ్లీ అంది. "కానీ నేను కావాలని గుద్దానంటున్నారే, అది మాత్రం పడలేను. మా ఊళ్లోవాళ్లు కూడా అంటున్నారు. గెలవడానికి ఆడపిల్ల చెయ్యి విరగ్గొట్టిందంట అని, మా అమ్మ నీళ్లకు వెళితే అక్కడ అంటున్నారు. నేను ఎవరినీ ఏమీ అడగట్లేదు. నిన్నొక్కదాన్నే అడుగుతున్నాను. అప్పుడు నాకెదురుగా ఉన్నది నువ్వే. నేను ఆగానా, ఆగలేదా?"

భూలక్ష్మి తల వంచుకుని ఒక బీడీ మూతి మడుస్తోంది. ఎంతసేపటికీ ఆ ఒక్క బీడీయే మడుస్తోంది.

గంగామణి కళ్లు మూసుకుంది. మూసుకోకపోయినా ఆమెకు అదే కనబడుతుంది.

గోల్‌కీపర్ ఒరిగి పడుకున్నప్పుడు ఆమెకు మొహాలు కనబడవు. హెల్మెట్ ముందు ఇనుప చువ్వలు, వాటి అవతల ఎర్రమట్టి, ఆ మట్టిలో కాళ్లు. ఆ రోజు నాగకుమారి కాళ్లు తన మీదికే వచ్చాయి. నిజమే. కాని బారెడు దూరంలో ఆ పిల్ల పాదం అడ్డంగా తిరిగింది. మడమ మట్టిలో దిగింది. దుమ్ము లేచింది. ఒళ్లంతా గోలుపోస్టు పక్కకు మళ్లించుకుంది. గంగామణికి తగలకూడదని స్టిక్కు కూడా పైకెత్తేసింది. బంతి కోసం వచ్చే మనిషి స్టిక్కు ఎత్తదు. ఆమె ఆగింది.

ఆగిన తర్వాత ఆమె పాదాలు రెండూ నేల మీదినుంచి లేచాయి. ఎవరో ఎత్తి విసిరినట్టు.

ఆ పాదాల వెనక ఇంకో జత పాదాలు ఉన్నాయి. ఇందూరు జట్టు నీలం మేజోళ్లు. ఎడమ బూటుకు లేసు లేదు. బీడీ కట్టలకు వాడే దారాన్ని పది పేటలు పేని కట్టుకున్న బూటు. ఆ దారం పేనింది గంగామణే. ఆట మొదలుకాక ముందు, నవ్వుకుంటూ.

కళ్లు తెరిచింది. భూలక్ష్మి వైపు చూడలేదు.

"ఆగినవ్" అంది.

నాగకుమారి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. జగ్గారావు తువ్వాలుతో మొహం తుడుచుకుని, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి నాగకుమారి తలెత్తింది. "మరి నేనెట్లా పడ్డాను? వీపు మీద చెయ్యి తగిలినట్టు అనిపించింది. ఆ మాట చెబితే మా వాళ్లే నమ్మలేదు. సాకులు చెప్పకన్నారు. నువ్వు చూశావా? ఎవరు?"

"ఆదివారం నువ్వు గూడ వస్తున్నవ్ గద?"

"వస్తాను."

"గది గప్పుడు తెలుస్తది. నువ్వు ఆగినవన్నది మాత్రం అందరి ముందర చెప్త. ఇంటికి పోయి తిను."

వెళ్లేముందు జగ్గారావు గంగామణి దగ్గర ఆగాడు. ఏదో పెద్దమాట చెప్పబోయి, కుదరక, "తొందరగా తగ్గిపోవాలమ్మా" అన్నాడు. మోటారు సైకిల్ గల్లీ మలుపు తిరిగింది. లింగవ్వ బత్తాయిల సంచి వైపు చూసి, "మంచోళ్ల తీర్గనే ఉన్నరు" అని గొణుక్కుంటూ పొయ్యి దగ్గరికి పోయింది.

అరుగు మీద ఇద్దరే మిగిలారు.

"నీకు ఎరికేనా?" అంది భూలక్ష్మి. తల ఎత్తలేదు.

"ఎరికే."

"ఎప్పటిసంది?"

"కింద పడ్డప్పటిసంది."

భూలక్ష్మి చాట పక్కన పెట్టింది. ఒళ్లో పడ్డ తంబాకు దులుపుకుంది. "ఎరికయ్యి గూడ నాతోని ఇన్ని దినాలు బీడీలు చేయించుకున్నవా? తల దువ్వించుకున్నవా?"

"నువ్వే చెప్తవని చూసిన. ఇయ్యాల చెప్తది, రేపు చెప్తది అనుకున్న. రోజు వస్తివి. బీడీలు చేస్తివి. పోతివి. ఒక్కసారి గూడ చెప్పకపోతివి."

"నీకు దెబ్బ తాకుతదని నేననుకున్ననా గంగా? బంతి మీదికెల్లి ఆమె పక్కకు పడితే చాలనుకున్న. నువ్వు అప్పుడే ఒరుగుతవని నాకెట్ల తెలుసు?"

"నేను గోల్‌కీపర్‌ను. బంతి వస్తే ఒరగక ఏం జేస్త?"

భూలక్ష్మి కత్తెర తీసి చాటలో పెట్టింది.

"గోలు పోతే పోతుండె" అంది గంగామణి. గొంతు పెంచలేదు. "ఇంకింత సేపు ఆడుతుంటిమి. ఓడుతుంటిమో, గెలుస్తుంటిమో. నా చెయ్యి సంగతి గాదు భూలచ్చీ. బొక్క అతుకుతది. గా పిల్ల ఏం పాపం జేసింది? మన గోలు కాడికొచ్చి, నాకు తాకొద్దని ఆగింది. ఆగినందుకే ఆటలకెల్లి తీసేస్తున్నరు."

"నేను చెప్తే నన్ను తీసేస్తరు. హైదరాబాదు క్యాంపుకు నా పేరు వచ్చింది. నీకెరికే గద, మా బాపు మొదటిసారి నన్ను చూసి నవ్విండు."

ఆ మాట నిజం. భూలక్ష్మి తండ్రి, కూతురు చెడ్డీ వేసుకుని మైదానంలో ఉరకడం చూసి ఏడాది పాటు ఆమెతో మాట్లాడని మనిషి. రాష్ట్ర జట్టు క్యాంపుకు పేరు వచ్చిందని తెలిసిన రోజు గల్లీలో అందరికీ బెల్లం పంచాడు. గంగామణికి కూడా ఆ క్యాంపుకు పిలుపు వచ్చేదే. ఇప్పుడు కట్టు విప్పేసరికి క్యాంపు అయిపోతుంది. ఆ మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు.

"నీ పేరు నేను చెప్ప" అంది గంగామణి. "ఆమె ఆగింది, ఎనకకెల్లి ఎవలో తోసిండ్రు అని చెప్త. అంతవరకే నా పని. మిగిలింది నీది."

భూలక్ష్మి లేచింది. చేసిన బీడీలను కట్టలు కట్టి, చాటలో వరుసగా పెట్టి, లింగవ్వకు కూడా చెప్పకుండా వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు.

ఆదివారం పొద్దున మైదానం పక్కన ఉన్న సంఘం గదిలో బల్ల చుట్టూ పెద్దలు కూర్చున్నారు. ఒక వైపు జగ్గారావు, నాగకుమారి. ఇంకోవైపు లక్ష్మీరాజం సారు, ఆ రోజు విజిల్ ఊదిన అంపైర్ రాజారాం. లింగవ్వ కూతురు వెంట వచ్చి తలుపు దగ్గర నిలబడింది. భూలక్ష్మి లేదు.

సంఘం అధ్యక్షుడు వయసు మళ్లిన మనిషి. ఒకప్పుడు తనూ ఆడినవాడే. గంగామణిని కుర్చీలో కూర్చోబెట్టి అడిగాడు.

"భయపడకు బిడ్డా. నీ మీద ఎవలు పడ్డరు?"

లక్ష్మీరాజం సారు ఆమె వైపే చూస్తున్నాడు. మెల్లగా తల ఊపాడు.

"నాగకుమారి పడ్డది సార్" అంది గంగామణి. "కని ఆమె కావాలని పడలే. ఆమె ఆగింది. కాలు అడ్డం తిప్పి, స్టిక్కు లేపి, పక్కకు మళ్లింది. నేను కళ్లార చూసిన. ఆగినంక ఆమెను ఎనకకెల్లి తోసిండ్రు. తోసింది మా జట్టు మనిషి."

గదిలో కుర్చీలు కదిలాయి. లక్ష్మీరాజం సారు గొంతు సవరించుకున్నాడు. "దెబ్బ తాకిన పిల్ల సార్. గప్పుడు ఏం చూసిందో, ఏం అనుకుంటుందో..."

"ఆమె చెప్పనీయి" అన్నాడు అధ్యక్షుడు. రాజారాం వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్?"

రాజారాం దాచుకోలేదు. "నేను ఎడమ దిక్కున్న సార్. ఫార్వర్డు కీపర్ మీద పడుడు చూసిన. ఎనక ఏమయిందో నాకు కనవడలే. చూసినకాడికి ఊదిన. కీపర్‌కు ఒళ్లు తాకిస్తే తప్పు ఫార్వర్డుదే, గది రూలు. కని ఆమె తప్పించుకోను చూసింది, అవతలి జట్టు మనిషే ఆమెను తోసింది అంటే తప్పు ఆమెది కానే కాదు. తోసినామెది. గది నాకు కనవడి ఉంటే బోధన్‌కు పెనాల్టీ స్ట్రోక్ ఇస్తుంటి."

"ఇప్పుడు?"

"ఊదిన విజిల్ ఎనకకు రాదు సార్. ఆట అయిపోయింది, కప్పు ఇందూరుదే. కని ఈ పిల్లను శిక్షించుడు న్యాయం గాదు."

జగ్గారావు ఏదో అనబోతే నాగకుమారి అతని చెయ్యి పట్టుకుంది. "కప్పు వద్దు నాన్నా" అంది. "మనం అడగడానికి వచ్చింది అది కాదు."

అధ్యక్షుడు మళ్లీ గంగామణిని అడిగాడు. "తోసింది ఎవలు?"

గంగామణి కట్టు మీద ఎడమచెయ్యి పెట్టుకుంది. "పేరు నేను చెప్ప సార్."

"చెప్పకుంటే నీ మాట ఎట్ల నమ్మాలె బిడ్డా? సగం చెప్పి సగం దాస్తే ఎట్ల?"

ఆమె తల వంచుకుంది. నాగకుమారి కళ్లలో మళ్లీ భయం కనబడింది. లక్ష్మీరాజం సారు కుర్చీలో వెనక్కి వాలాడు. తలుపు దగ్గర లింగవ్వ పక్కకు జరిగింది. ఎవరికో దారి ఇచ్చింది.

భూలక్ష్మి లోపలికి వచ్చింది. ఎండలో నడిచి వచ్చినట్టుంది, మొహమంతా చెమట.

"నేనే తోసిన సార్" అంది.

భూలక్ష్మి తిన్నగా నాగకుమారి ముందుకు పోయి నిలబడింది. "రెండు చేతులతోని తోసిన. నువ్వు ఆగుడు చూసి గూడ తోసిన. నిన్ను అందరు మాటలన్నరు, నేను ఇనుకుంట ఊకున్న. మాఫ్ చెయ్యి." నాగకుమారి తండ్రి వైపు చూసింది. జగ్గారావు, "నిజం చెప్పావు తల్లీ, అంతే చాలు" అన్నాడు.

అధ్యక్షుడు బల్ల చుట్టూ ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ చూశాడు. అందరూ తలలూపారు. "నాగకుమారి మీద ఏ తప్పు లేదు. ఆమె రేపటి సంది ఆడుకోవచ్చు, పిలుపొస్తే హైదరాబాదు క్యాంపుకు గూడ పోవచ్చు" అన్నాడు. నాగకుమారి తండ్రి భుజం మీద తల పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది. గంగామణి చాలా రోజుల తర్వాత గుండెనిండా ఊపిరి తీసుకుంది.

అక్కడితో అయిపోయిందనుకున్నారు అందరూ. లక్ష్మీరాజం సారు సంచి తీసుకుని లేవబోయాడు కూడా.

"జర ఆగు లక్ష్మీరాజం" అన్నాడు అధ్యక్షుడు. భూలక్ష్మి వైపు తిరిగి, తిట్టేవాడిలా కాక తెలుసుకోవాలనుకునే మనిషిలా అడిగాడు. "మంచిగ ఆడే పిల్లవు. ఇన్నేండ్లల్ల నీకు ఒక్క కార్డు చూపియ్యలే. ఆ దినం గట్ల చెయ్యాలని నీకెందుకు బుద్ధి పుట్టింది బిడ్డా?"

భూలక్ష్మి తల ఎత్తి, అధ్యక్షుడిని కాదు, లక్ష్మీరాజం సారును చూసింది.

"సార్, ఇంటర్వెల్ల నన్నొక్కదాన్నే చెట్టుకిందికి పిలిచిండ్రు గద. గా మాట మీరు చెప్తరా, నన్నే చెప్పుమంటరా?"